లిగమెంట్‌తో పాటు ఎముక వంపు కూడా సరిచేసే మోకాలి ఆపరేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

మోకాలి లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే కట్టు, తెగినవాళ్లలో చాలామందికి లిగమెంట్ ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది. కొద్దిమందికి మాత్రం డాక్టరు, ‘లిగమెంట్ ఒక్కటే వేస్తే నిలవదు, ఎముక వంపు కూడా సరిచేయాలి’ అంటారు. ఆ మాట వినగానే టెన్షన్ మొదలవుతుంది. ఎముకను కోయడమేమిటి, మళ్లీ మామూలుగా నడుస్తానా, ఇంత అవసరమా అని ప్రశ్నలు ముసురుకుంటాయి. వాటికి తెలిసినంత వివరంగా ఇక్కడ జవాబులు రాశాను. మీ కాలిని చేత్తో పట్టి చూసిన డాక్టరు మాటే మీకు చివరి మాట. ఆ మాట బాగా అర్థం కావడానికి, తిరిగి సరైన ప్రశ్న వేయడానికి ఇది పనికొస్తుంది.

తెగింది లిగమెంట్. ఎముక బాగానే ఉంది కదా, దాన్ని ఎందుకు కోయాలి?

ఎముక విరగలేదు, నిజమే. కానీ అది సరిగ్గా నిలబడి ఉందా లేదా అన్నది కూడా చూడాలి. మోకాలి లోపల ఏటవాలుగా ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్, మోకాలి కింది పెద్ద ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. ఆ ఎముకను డాక్టర్లు టిబియా అంటారు, మనం కాలి ఎముక అందాం. దొడ్డికాళ్లు ఉన్నా, కాలి ఎముక పైభాగం వెనక్కి మరీ ఎక్కువగా వాలి ఉన్నా, అడుగు వేసిన ప్రతిసారీ ఆ లిగమెంట్ మీద అదనపు లాగుడు పడుతుంది. గుంజ ఒక పక్కకు ఒరిగి ఉంటే ఎంత గట్టి తాడు కట్టినా కొన్నాళ్లకు తాడే సాగుతుంది, ముందు గుంజను నిటారుగా నిలపాలి. ఇక్కడా అంతే. వంపును అలాగే వదిలేసి కొత్త లిగమెంట్ వేస్తే, అది మెల్లగా సాగిపోవచ్చు లేదా మళ్లీ తెగిపోవచ్చు.

రెండో కారణం మోకాలి లోపలి వైపు అరుగుదల. మామూలు కాలిలో కూడా నడిచేటప్పుడు బరువులో సగానికి పైగా మోకాలి లోపలి భాగం మీదే పడుతుంది. కాలు బయటికి వంగితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. లిగమెంట్ లేక మోకాలు అటూ ఇటూ జారుతుంటే లోపలి మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే దిండు, నలిగి చిరుగుతుంది. మెనిస్కస్ పోయాక ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొర, అంటే మృదులాస్థి, అరుగుతుంది. అరిగినకొద్దీ వంపు ఇంకాస్త పెరుగుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయే ఈ వరస ఆగాలంటే రెండు వైపుల నుంచీ పని చేయక తప్పదు.

వంపు ఉందని ఎలా తేలుస్తారు? ఎంఆర్‌ఐ చాలదా?

చాలదు. ఎంఆర్‌ఐ పడుకోబెట్టి తీస్తారు. లిగమెంట్, మెనిస్కస్, మృదులాస్థి ఎలా ఉన్నాయో అది బాగా చూపిస్తుంది. కానీ బరువు మోపినప్పుడు కాలు ఎటు ఒరుగుతుందో పడుకున్న కాలిలో కనిపించదు. దానికి నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ వరకు మొత్తం కాలు ఒకే ఫిల్మ్‌లో పడేలా తీసే పొడవాటి ఎక్స్‌రే కావాలి. ఈ ఎక్స్‌రేలో తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు ఒక గీత గీస్తారు. ఒంటి బరువు ఆ గీత వెంబడి దిగుతుందన్నమాట. తిన్నటి కాలిలో ఆ గీత మోకాలి మధ్యకు దగ్గరగా, కొంచెం లోపలి వైపుగా వెళ్తుంది. దొడ్డికాళ్లలో బాగా లోపలికి జరుగుతుంది. కొందరిలో మోకాలి కీలు లోపలి అంచును కూడా దాటిపోతుంది.

ఎక్స్‌రే తీసేటప్పుడు ఒక విషయం గమనించండి. పాదాలు ఎటు చూస్తున్నా ఫర్వాలేదు, మోకాలి చిప్పలు మాత్రం సూటిగా ముందుకు చూడాలి. కాలు కొంచెం తిప్పి నిలబడితే లేని వంపు ఉన్నట్టు, ఉన్న వంపు లేనట్టు కనిపిస్తుంది. మోకాలు పూర్తిగా చాపలేకపోయినా అంతే. కొలత తప్పితే కోత తప్పుతుంది కాబట్టి, టెక్నీషియన్ ‘ఇంకోసారి తీద్దాం’ అంటే విసుక్కోకండి.

దీనితో పాటు పక్క నుంచి తీసిన ఎక్స్‌రే కూడా ఉండాలి. అందులోనే ఎముక వాలు తెలుస్తుంది. ఎముక మెలి తిరిగి ఉందన్న అనుమానం ఉంటే సీటీ స్కాన్ కూడా తీయిస్తారు.

నా ఉద్దేశంలో ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. దొడ్డికాళ్లు కళ్లకు కనిపిస్తున్నవాళ్లు, ఒకసారి వేసిన లిగమెంట్ మళ్లీ తెగినవాళ్లు, నిలబడి తీసిన పొడవాటి ఎక్స్‌రే, పక్క ఎక్స్‌రే చూడకుండా లిగమెంట్ ఆపరేషన్‌కు ఒప్పుకోకూడదు. ఖర్చయినా, ఇంకో రోజు తిరగాల్సి వచ్చినా తీయించుకోండి.

ఎముక వాలు అంటే ఏమిటి? దాని గురించి ఈ మధ్య ఎందుకింతగా మాట్లాడుతున్నారు?

మోకాలిని పక్క నుంచి చూస్తే కాలి ఎముక పైభాగం సమంగా ఉండదు, వెనక్కి కొంచెం దిగుతూ ఉంటుంది. చాలామందిలో ఈ వాలు 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుంది. కొందరిలో 12 డిగ్రీలు దాటుతుంది. వాలు ఎక్కువైనప్పుడు, బరువు మోపగానే తొడ ఎముక వెనక్కి, కాలి ఎముక ముందుకు జారబోతాయి. ఆ జారుడును ముఖ్యంగా ఆపాల్సింది ఏసీఎల్. ఫ్రాన్స్‌లోని లియోన్‌కు చెందిన దెజూర్, బొన్నాన్ అనే సర్జన్లు 1994లో కొలిచి చూస్తే, వాలు 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఒంటికాలి మీద నిలబడిన మనిషి కాలి ఎముక సుమారు 6 మిల్లీమీటర్లు అదనంగా ముందుకు జరుగుతోందని తేలింది. మోకాలిలో 6 మిల్లీమీటర్లు చాలా పెద్ద దూరం.

అందుకే ఒకసారో రెండుసార్లో వేసిన లిగమెంట్ తెగిపోయి, వాలు 12 డిగ్రీలకు మించి ఉన్నవాళ్లకు వాలు తగ్గించే ఆపరేషన్ సూచిస్తున్నారు. కాలి ఎముక ముందు వైపు నుంచి సన్నటి ముక్కను తీసేసి ఆ సందు మూస్తారు. దాంతో ముందు భాగం కిందికి దిగి వాలు తగ్గుతుంది. మొదటిసారి లిగమెంట్ తెగినవాళ్లకు వాలు ఎక్కువున్నంత మాత్రాన వెంటనే ఎముక కోయరు. మోకాలు వెనక్కి వంగేవాళ్లలో, అంటే కాలు చాపితే తిన్నగా ఆగకుండా ఇంకా వెనక్కి పోయేవాళ్లలో, ఈ కోత చాలా ఆలోచించి చేయాలి. వాలు తగ్గిస్తే ఆ వెనక్కి వంగడం ఇంకా ఎక్కువవుతుంది.

నాకు దొడ్డికాళ్లు ఉన్నాయి, ఏసీఎల్ తెగింది. అయితే ఈ ఆపరేషన్ తప్పనిసరా?

కాదు. కొద్దిపాటి వంపు చాలామందికి ఉంటుంది, వాళ్లలో ఎక్కువమందికి లిగమెంట్ ఒక్కటే సరిపోతుంది. ఎక్స్‌రేలో సుమారు 5 డిగ్రీలకు మించిన వంపు, లోపలి వైపు మొదలైన అరుగుదల, మెనిస్కస్ ఇప్పటికే తీసేసి ఉండటం, పాత లిగమెంట్ ఆపరేషన్ విఫలం కావడం, నడకలో మోకాలు బయటికి తోసుకుపోవడం, వీటిలో కొన్ని కలిస్తేనే ఎముక మాట వస్తుంది.

ఆ చివరిదాన్ని మీరే చూసుకోవచ్చు. పొట్టి నిక్కరు వేసుకుని తిన్నగా నడుస్తూ ముందు నుంచి ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి. దాన్ని మెల్లగా తిప్పి చూడండి. మడమ నేలకు తగిలి బరువు కాలి మీదికి వచ్చిన క్షణంలో మోకాలు ఒక్కసారిగా బయటికి జరిగి, కాలు ఎత్తగానే మళ్లీ లోపలికి వస్తుంటే, బయటి వైపు లిగమెంట్లు కూడా సాగి ఉండవచ్చు. ఆ వీడియో డాక్టరుకు తప్పక చూపించండి. పరీక్ష గదిలో నాలుగు అడుగులు జాగ్రత్తగా వేసినప్పుడు కనిపించనిది, మామూలు నడకలో కనిపిస్తుంది.

అమెరికన్ సర్జన్ ఫ్రాంక్ నోయెస్ బృందం ఈ స్థితిని మూడు మెట్లుగా చెప్పింది. మొదటి మెట్టులో వంపు ఎముకలో, అరిగిన లోపలి భాగంలో ఉంటుంది. రెండో మెట్టులో బయటి వైపు కట్లు కూడా సాగి, అడుగు వేస్తే కీలు బయటి వైపు తెరుచుకుంటుంది. మూడోదానిలో మోకాలు వెనక్కి కూడా వంగిపోతుంది. మెట్టు పెరిగినకొద్దీ ఎముక సరిచేయకుండా లిగమెంట్ మాత్రమే వేయడం అంత ప్రమాదం.

నాకు ముఖ్యంగా నొప్పే. మోకాలు జారడం తక్కువ. అప్పుడు ఏం చేస్తారు?

డాక్టరు మిమ్మల్ని అడిగే అతి ముఖ్యమైన ప్రశ్న ఇది. జవాబు చెప్పే ముందు బాగా ఆలోచించుకోండి. మెట్లు దిగేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు మోకాలు పట్టు తప్పి ఒక్కసారిగా కూలబడినట్టు అవుతోందా? లేక కొంత దూరం నడిచాక లోపలి వైపు సలుపు మొదలై, రాత్రి పడుకున్నాక కూడా తగ్గడం లేదా? మొదటిది లిగమెంట్ లేని లక్షణం, రెండోది అరుగుదల లక్షణం. కొందరు నొప్పి వల్ల తొడ కండరం ఒక్క క్షణం పట్టు వదిలేయడాన్ని కూడా ‘మోకాలు జారుతోంది’ అని చెబుతారు. రెండింటికీ వైద్యం వేరు.

నొప్పే ప్రధానమైతే, వయసు నలభై దాటి, పరుగులు, ఆటలు లేని జీవితమైతే, చాలాసార్లు ఎముక వంపు ఒక్కటే సరిచేసి ఆగుతారు. బరువు అరిగిన చోటు నుంచి పక్కకు మళ్లితే నొప్పి తగ్గుతుంది. అదే కోతలో వాలు కూడా కొంచెం తగ్గిస్తే జారుడు కూడా తగ్గుతుంది. లిగమెంట్ అవసరం ఉందో లేదో ఆ తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు. జారడమే ప్రధానమైతే, అందులోనూ వయసు తక్కువైతే, రెండూ చేయడం వైపు మొగ్గుతారు.

రెండూ ఒకేసారి చేస్తారా, విడివిడిగానా?

రెండు పద్ధతులూ ఉన్నాయి. ఒకేసారి చేస్తే ఒకటే మత్తు, ఒకటే ఆసుపత్రి వాసం, ఒకటే ఫిజియోథెరపీ. ఉద్యోగానికో చదువుకో రెండుసార్లు సెలవు పెట్టే పని ఉండదు. కాకపోతే ఆపరేషన్ పెద్దది, సమయం ఎక్కువ పడుతుంది, మోకాలు బిగుసుకుపోయే అవకాశం కొంత పెరుగుతుంది.

విడివిడిగా చేసేటప్పుడు ముందు ఎముక, తర్వాత లిగమెంట్. ఈ వరస తిరగబడకూడదు, ఎందుకంటే వంకర కాలిలో వేసిన కొత్త లిగమెంట్ ఎముక సరిచేసే దాకా దెబ్బలు తింటూనే ఉంటుంది. రెండింటి మధ్య ఎముక అతకడానికి కొన్ని నెలలు, తరచుగా 6 నెలల దాకా, ఆగుతారు. పాత ఆపరేషన్లలో లిగమెంట్ కోసం ఎముకలో తొలిచిన సొరంగాలు బాగా వెడల్పైపోయి ఉంటే ఆ రంధ్రాలను ఎముక పొడితో పూడ్చి, ఈ వ్యవధిలోనే అవి గట్టిపడేలా చూస్తారు. బయటి వైపు, వెనక వైపు కట్లు పాతబడి సాగినవాళ్లలో కూడా ముందు ఎముక సరిచేసి చూడటం మంచి పద్ధతి. అలాంటివాళ్లలో కొందరికి కాలు తిన్నగా అయ్యాక మోకాలు స్థిరపడి రెండో ఆపరేషన్ అక్కర్లేకుండా పోతుంది.

ఏది మంచిదని నన్నడిగితే, చేసే సర్జన్‌కు ఏ పద్ధతిలో చేయి తిరిగి ఉందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలంటాను. ఒకేసారి చేయడం తేలికైన పని కాదు.

ఆపరేషన్ గదిలో అసలు ఏం జరుగుతుంది?

వెన్నులో మత్తు గానీ పూర్తి మత్తు గానీ ఇస్తారు. ముందు చిన్న రంధ్రాల ద్వారా కెమెరా పెట్టి మోకాలి లోపల చూస్తారు. చిరిగిన మెనిస్కస్ కుట్టగలిగితే కుడతారు. మృదులాస్థి ఎంత మిగిలిందో స్వయంగా చూసుకుంటారు. బయటి వైపు భాగం కూడా బాగా అరిగి ఉంటే బరువును అటు మళ్లించి లాభం లేదు కాబట్టి, ఈ చూపుకు చాలా విలువ ఉంది.

తర్వాత కొత్త లిగమెంట్‌గా వాడే టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగాన్ని, మీ ఒంట్లో నుంచే తీస్తారు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్, మోకాలి చిప్ప కింది టెండన్, చిప్ప పైనున్న క్వాడ్రిసెప్స్ టెండన్, వీటిలో ఒకటి. హ్యామ్‌స్ట్రింగ్ తీసే చోటు, లోపలి వైపు నుంచి ఎముక కోసే చోటు దాదాపు ఒకటే కాబట్టి ఒకే గాటుతో రెండు పనులూ అవుతాయి.

ఇక ఎముక. ఎక్కువగా చేసే పద్ధతిలో కాలి ఎముక లోపలి వైపు నుంచి, మోకాలి కీలుకు కాస్త కిందుగా, బయటి వైపుకు ఏటవాలుగా రంపంతో కోస్తారు. పూర్తిగా కోయరు. బయటి అంచున సుమారు ఒక సెంటీమీటరు ఎముకను వదిలేస్తారు, అదే బందులా పనిచేస్తుంది. ఆ కోతలోకి పలచటి ఉలి, దాని మీద ఇంకో ఉలి, ఆ పైన మరొకటి, ఇలా ఒక్కొక్కటే దించుతూ సందును మెల్లగా తెరుస్తారు. తొందరపడితే ఆ బందు చిట్లుతుంది. అందుకే ఒక్కో ఉలి దించాక ఎముక సర్దుకునేదాకా కాసేపు ఆగుతారు. కావలసినంత తెరిచాక ఎక్స్‌రే యంత్రం కింద ఒంటి బరువు దిగే గీత ఎక్కడ పడుతోందో చూసి, ప్లేటు పెట్టి స్క్రూలతో బిగిస్తారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కాలి ఎముక పైభాగం గుండ్రం కాదు, మూడు మూలల ఆకారం. ముందు, వెనక ఒకే కొలతకు సందు తెరిస్తే వంపు తగ్గుతుంది గానీ వాలు పెరిగిపోతుంది. ఏసీఎల్ లేని మోకాలికి అది కీడు. అందుకే ముందు వైపు సందు వెనక సందులో సుమారు సగమే ఉండేలా చూస్తారు.

చివరగా లిగమెంట్ కోసం కాలి ఎముకలో సొరంగం తొలుస్తారు. ప్లేటు స్క్రూలు కూడా ఆ ఎముకలోనే ఉన్నాయి కదా, రెండూ ఢీకొనకుండా చూడటమే పెద్ద నైపుణ్యం. పై వరస స్క్రూలలో దారికి అడ్డొచ్చేదాన్ని పొట్టిది వేస్తారు లేదా సొరంగం తొలిచే దాకా ఆపుతారు. లిగమెంట్‌ను లాగి బిగించడం అన్నిటికన్నా చివర, ఎముక స్థిరపడ్డాకే.

ఎంత తెరవాలో ఎలా లెక్కిస్తారు?

ఒక మిల్లీమీటరుకు ఒక డిగ్రీ అనేది పాత లెక్క. అది సుమారు 57 మిల్లీమీటర్ల వెడల్పున్న ఎముకకే సరిపోతుంది. ఎముక వెడల్పు 80 మిల్లీమీటర్లుంటే 8 డిగ్రీలు సరిచేయడానికి 11 మిల్లీమీటర్లు తెరవాలి. 8 తెరిస్తే తక్కువ సరి అవుతుంది. కాబట్టి ప్రతి మనిషికీ అతని ఎక్స్‌రే మీదే విడిగా గీసి లెక్కిస్తారు.

గీతను ఎక్కడికి తేవాలన్నది కూడా అందరికీ ఒకటి కాదు. జపాన్‌లో ఫుజిసావా బృందం 1979లో ప్రచురించిన పని ఆధారంగా, అరుగుదల ఉన్నవాళ్లకు మోకాలి వెడల్పులో లోపలి అంచు నుంచి సుమారు 62 శాతం దగ్గరికి, అంటే మధ్యకు కొంచెం బయటికి, గీతను తెచ్చే అలవాటు వచ్చింది. అరుగుదల లేకుండా లిగమెంట్‌ను కాపాడటానికే చేస్తున్నప్పుడు అంత దూరం పోనక్కర్లేదు, మధ్యకు తెస్తే చాలు. ఎక్కువ సరిచేస్తే మోకాలు లోపలికి వంగి, చూడటానికీ బాగోదు, బయటి భాగం అరగడం మొదలవుతుంది.

తెరిచిన సందు ఖాళీగానే ఉంటుందా?

చిన్న సందైతే ఖాళీగా వదిలినా ఎముక దానంతట అదే పెరిగి పూడుస్తుంది. సుమారు 10 మిల్లీమీటర్లు దాటితే తుంటి ఎముక నుంచి తీసిన పొడిగానీ, దాత ఎముకగానీ, కృత్రిమ పదార్థంగానీ నింపేవాళ్లు ఎక్కువ.

ఏసీఎల్ కాకుండా వేరే లిగమెంట్ తెగితే?

పీసీఎల్ విషయంలో లెక్క తలకిందులు. అది కాలి ఎముక వెనక్కి జారకుండా పట్టేది కాబట్టి వాలును తగ్గించకూడదు, అవసరమైతే కొంచెం పెంచాలి. అదే కోత, అదే ప్లేటు, కానీ సందు ముందు వైపు ఎక్కువ తెరుస్తారు.

మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలేవాళ్లలో లోపలి వైపు లిగమెంట్ సాగుతుంది, బయటి భాగం అరుగుతుంది. వాళ్లలో వంపు చాలాసార్లు తొడ ఎముక కింది భాగంలో ఉంటుంది, కాబట్టి కోత కూడా అక్కడే వేస్తారు. వంపు ఏ ఎముకలో ఉందో ఆ ఎముకనే సరిచేయాలి. తొడ ఎముకలో ఉన్న వంపుకు కాలి ఎముకను కోస్తే కాలు తిన్నగా కనిపిస్తుంది గానీ మోకాలి కీలు ఏటవాలుగా మిగిలిపోతుంది.

ఈ ఆపరేషన్ ఎవరికి వద్దంటారు?

మోకాలి అన్ని భాగాలూ అరిగినవాళ్లకు, రుమటాయిడ్ లాంటి కీళ్లవాతం ఉన్నవాళ్లకు, మోకాలు బాగా బిగుసుకుపోయి చాపలేనివాళ్లకు, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు. బరువు చాలా ఎక్కువున్నవాళ్లను ముందు తగ్గి రమ్మంటారు. ఎదిగే పిల్లల్లో ఎముక పెరిగే పొర ఇంకా తెరిచే ఉంటుంది, వాళ్లకు ఈ కోత కాదు. ఎదుగుదలనే చిన్న ప్లేట్లతో దారి మళ్లించే వేరే పద్ధతి ఉంది.

సిగరెట్ మానేయమంటున్నారు. నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. పొగ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది, కొందరిలో అతకదు కూడా. అతకని ఎముక మీద ప్లేటు ఎల్లకాలం నిలవదు, స్క్రూ విరుగుతుంది, సరిచేసిన వంపు మళ్లీ వస్తుంది. కొందరు సర్జన్లు పూర్తిగా మానేస్తే తప్ప తేదీ ఇవ్వరు. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి, మీ మేలు కోరే అలా అంటున్నారు. ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మాని, ఎముక అతికిందని ఎక్స్‌రేలో తేలేదాకా ముట్టకండి. షుగర్ ఉన్నవాళ్లు కూడా దాన్ని అదుపులోకి తెచ్చుకున్నాకే బల్ల ఎక్కాలి.

ముప్పులేమిటి? దాచకుండా చెప్పండి.

ఏ ఆపరేషన్‌కైనా ఉండే ఇన్ఫెక్షన్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం ఇక్కడా ఉన్నాయి. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం, కాబట్టి మందులిస్తారు, మొదటి రోజు నుంచే పాదం పైకీ కిందికీ ఆడించమంటారు. పిక్క గట్టిపడి నొప్పి వస్తే, ఒక్కసారిగా ఆయాసం వస్తే, జ్వరంతో గాయం దగ్గర ఎర్రబడి చీము కారితే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే వెళ్లాలి. ఆపరేషన్ జరిగిన మొదటి రోజుల్లో మందుకు తగ్గకుండా పెరిగిపోయే నొప్పి, పాదం వేళ్లు కదిలిస్తే ప్రాణం పోయినట్టుండే నొప్పి కూడా అత్యవసరమే. కాలి కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం అందకపోతే అలా అవుతుంది.

ఈ ఆపరేషన్‌కు ప్రత్యేకమైనవి ఇంకొన్ని. బయటి వైపు వదిలిన బందు చిట్లడం, ఎముక ఆలస్యంగా అతకడం, అనుకున్నదానికన్నా ఎక్కువో తక్కువో సరికావడం, మోకాలు పూర్తిగా చాపలేకపోవడం లేదా ముడవలేకపోవడం. మోకాలి వెనకే పెద్ద రక్తనాళం ఉంటుంది, దానికి దెబ్బ తగలడం అరుదు గానీ జరిగితే తీవ్రం. చిప్ప కింద, కాలి ముందు భాగంలో చర్మం కొంత మేర మొద్దుబారడం మాత్రం చాలామందికి ఉంటుంది. అక్కడి చిన్న నరం కోతలో పడటమే కారణం. నడకకు దానివల్ల ఇబ్బంది లేదు, కానీ ముందే చెప్పకపోతే జనం భయపడతారు.

బయటి వైపు నుంచి ముక్క తీసి మూసే పద్ధతిలో అయితే పాదాన్ని పైకెత్తే నరానికి ప్రమాదం ఉంటుంది. పక్కనున్న సన్నటి ఎముకను కూడా కోయాల్సి రావచ్చు. ఆ పద్ధతిలో కాలు కాస్త పొట్టి అవుతుంది. తెరిచే పద్ధతిలో కొన్ని మిల్లీమీటర్లు పొడవవుతుంది, అది చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఎప్పుడు నడుస్తాను? పనికి ఎప్పుడు వెళ్లొచ్చు?

మరుసటి రోజే ఊతకర్రలతో లేపి నిలబెడతారు. సుమారు 6 వారాల దాకా కాలి మీద పూర్తి బరువు మోపనివ్వరు. స్క్రూలు ప్లేటుకే బిగుసుకునే గట్టి లాకింగ్ ప్లేట్లు వేసినచోట ఇంకా ముందే అనుమతిస్తున్నారు. మెనిస్కస్ కుట్టి ఉంటే, బందు చిట్లి ఉంటే ఆలస్యం చేస్తారు. మీ సర్జన్ చెప్పిన లెక్కే మీకు లెక్క, పక్క బెడ్ మనిషిది కాదు.

మొదటి రెండు వారాల్లో అన్నిటికన్నా ముఖ్యమైంది మోకాలు పూర్తిగా చాపగలగడం. ముడవడం తర్వాత వస్తుంది, చాపడం ఆలస్యమైతే తెచ్చుకోవడం కష్టం. అందుకే మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవద్దంటారు. హాయిగా ఉంటుంది నిజమే, కానీ మోకాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి. పడుకునే తొడ కండరాన్ని బిగించి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి అదిమి, కొన్ని క్షణాలు ఉంచి వదలండి. చూడటానికి చిన్న వ్యాయామంలా ఉంటుంది, ఆపరేషన్ తర్వాత నిద్రపోయిన కండరాన్ని లేపేది ఇదే.

6 వారాలకు, 3 నెలలకు ఎక్స్‌రే తీసి ఎముక అతుకుతోందా చూస్తారు. కూర్చుని చేసే పనికి కొన్ని వారాల్లో వెళ్లొచ్చు. బరువులెత్తే పనికి, ఎక్కువసేపు నిలబడే పనికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. బండి నడపడం ఊతకర్రలు వదిలి, మత్తు కలిగించే నొప్పి మాత్రలు ఆపి, గట్టిగా బ్రేకు తొక్కగలిగాకే.

ఒక హెచ్చరిక. రెండు, మూడు నెలలకు నొప్పి బాగా తగ్గి, కాలు తిన్నగా కనిపిస్తూ, అంతా నయమైపోయినట్టే అనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే లోపలి కొత్త లిగమెంట్ బలహీనంగా ఉంటుంది. అమర్చిన టెండన్ ముందు మెత్తబడి, కొత్త రక్తనాళాలు పట్టి, ఆ తర్వాతే మళ్లీ బలపడుతుంది. బాగుందన్న ధైర్యంతో పరుగెత్తి తెంచుకునేది ఈ రోజుల్లోనే.

మళ్లీ ఆడగలనా?

9 నుంచి 12 నెలల ముందు పూర్తి స్థాయి ఆట మాట ఎత్తకూడదు. నెలలు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్పాలి. తొడ కండరం బలం, ఒంటికాలితో గెంతే దూరం బాగున్న కాలితో పోలిస్తే కనీసం 90 శాతానికి రావాలి. గెంతి దిగినప్పుడు మోకాలు ఊగకూడదు.

ఎంత స్థాయికి అన్నది మృదులాస్థి మిగిలినదాన్ని బట్టి ఉంటుంది. అరుగుదల లేని కుర్రవాళ్లు పాత ఆటకు వెళ్లగలుగుతారు. అరుగుదల ఉన్నవాళ్లకు మోకాలి ఆయుష్షు కోసం ఈ ఆపరేషన్ చేశారు కాబట్టి గెంతులు, ఒక్కసారిగా మలుపులు తిరిగే ఆటలు తగ్గించి, సైకిల్, ఈత, నడక వైపు రావడమే మేలు. ఆట అంటే ప్రాణమైనవాళ్లకు ఈ మాట ఎంత బాధగా ఉంటుందో తెలుసు. ఆపరేషన్ తర్వాత తెలిసి కుంగిపోయేకన్నా ముందే డాక్టరుతో నిర్మొహమాటంగా మాట్లాడుకోండి.

ప్లేటు తీయించుకోవాలా?

ఇబ్బంది లేకపోతే అక్కర్లేదు. కానీ కాలి ఎముక లోపలి వైపు చర్మం కింద కండ తక్కువ, అందుకే ప్లేటు చేతికి తగులుతూ, పక్కకు తిరిగి పడుకుంటే రెండో మోకాలు ఒత్తుకుని నొప్పెడుతుంది. అలాంటివాళ్లు ఎముక పూర్తిగా అతికాక, మామూలుగా ఏడాది దాటాక తీయించుకుంటారు. అది చిన్న ఆపరేషన్, అదే రోజో మరుసటి రోజో ఇంటికి పంపేస్తారు. స్క్రూ రంధ్రాలు పూడేదాకా కొన్ని వారాలు గెంతులు, పరుగులు వద్దంటారు.

ఇదంతా ఎందుకు, మోకాలి మార్పిడి చేయించుకుంటే పోదా?

అరవై దాటి మోకాలంతా అరిగినవాళ్లకు మార్పిడే మంచి దారి కావచ్చు. ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లకు కాదు. కృత్రిమ మోకాలికి ఆయుష్షు ఉంటుంది, చురుగ్గా తిరిగే మనిషిలో అది త్వరగా అరుగుతుంది, రెండోసారి మార్చడం మొదటిసారి అంత తేలిక కాదు. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన మార్క్ కోవెంట్రీ 1965లో కాలి ఎముక కోత గురించి రాసేనాటికి ఇప్పటిలాంటి మోకాలి మార్పిడి ఇంకా లేదు. మార్పిడి వచ్చాక ఎముక కోతలు తగ్గాయి. చిన్న వయసువాళ్లకు సొంత మోకాలే కాపాడాలన్న ఆలోచన, గట్టి ప్లేట్లు వచ్చాక మళ్లీ పెరిగాయి.

ఎముక సరిచేయించుకున్నవాళ్లు తర్వాత ఎప్పుడైనా మార్పిడి చేయించుకోవచ్చు. పాత గాటు, ప్లేటు, మారిన ఎముక ఆకారం వల్ల సర్జన్‌కు పని కొంచెం ఎక్కువవుతుంది, అంతే. అప్పుడు ఉపయోగపడతాయి కాబట్టి ఇప్పటి ఎక్స్‌రేలు, ఏ ప్లేటు వేశారో రాసిన డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ వివరాల నోటు జాగ్రత్తగా దాచిపెట్టుకోండి. ఆసుపత్రి వాళ్లు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.